మా కాలువ రేవుకు వచ్చిన ఖద్దరు

మొన్న నాన్న సంవత్సరీకానికి ఊరెళ్లాను. వంట కట్టెల పొయ్యి మీదే చెయ్యాలని అమ్మ పట్టుబట్టింది. పెరట్లో మూడు రాళ్లు పెట్టి పెద్ద గిన్నెలో అన్నం వండారు. మా మరదలు మూత అడ్డం పెట్టి గంజి వారుస్తుంటే ఆ ఆవిరి నా ముఖానికి తగిలింది. కదలబుద్ధి కాలేదు, అక్కడే నిలబడిపోయాను.

"బావగారూ, పొగ కళ్లల్లో పడుతుంది, అటు కూర్చోండి" అంది.

పొగ కాదమ్మా అనబోయి ఊరుకున్నాను. గంజి వాసన వస్తే నాకు ఎన్నికలు గుర్తొస్తాయని ఆ పిల్లకి ఎలా చెప్పను? కుక్కరు వచ్చాక పుట్టిన పిల్ల. "గంజి పారబొయ్యకు, ఒక గిన్నెలో ఉంచు" అని మాత్రం చెప్పాను.

మాది కోనసీమ. రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే దారికి కాస్త లోపలగా, కాలువ గట్టున ఉంటుంది మా ఇల్లు. నాన్న ఊరి బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేవాడు. తాతదీ అదే పని. కాలువ రేవులో మా బండ ఒకటి ఉండేది. తాత ముత్తాతల నాటి నుంచి బట్టల దెబ్బలకి దాని నడుమ పళ్లెంలా లోతు పడింది. మాసిన బట్టలు చౌడు నీళ్లలో తడిపి, పిండి, బాన మూతి మీద గోపురంలా పేర్చి, కింద మంట పెట్టేవాడు నాన్న. రాత్రంతా ఆవిరి పట్టేది. దాన్ని ఉబ్బ అంటారు. తెల్లారేసరికి మురికి వదిలి బట్టలు మెత్తబడి ఉండేవి. వాటిని రేవుకి మోసుకెళ్లి ఉతకడం, నీలిమందు పెట్టడం, గంజి పెట్టడం, దండెం మీద ఆరెయ్యడం, సాయంత్రం ఇస్త్రీ. అమ్మా, నాన్నా, నేనూ, తమ్ముడూ, అందరిదీ అదే పని.

గంజి తేవడం నా వంతు. పొద్దున్నే తపేలా పట్టుకుని పెద్దిళ్ల పెరటి గుమ్మాల దగ్గర నిలబడేవాణ్ణి. ఆ రోజుల్లో ఎవరింట్లో చూసినా అన్నం వార్చేవాళ్లే. కొత్త బియ్యం గంజి జిగటగా ఉంటుంది, ఖద్దరుకి అదే కావాలి. పాత బియ్యం గంజి పల్చన, ఆడవాళ్ల నూలు చీరలకి బాగుంటుంది. ఏ ఇంట్లో ఏ బియ్యం తింటున్నారో నాన్నకి గంజి వేలికి రాసుకు చూస్తే తెలిసిపోయేది. ఆ గంజిని పల్చటి గుడ్డలో వడగట్టి, ఒక చుక్క నీలిమందు కలిపి, లాల్చీలు ముంచి తీసేవాడు. ఎండలో ఆరాక లాల్చీ అట్టలా నిలబడేది. అప్పుడు దాని మీద నీళ్లు చిలకరించి, చుట్ట చుట్టి కాసేపు ఉంచి, కొబ్బరి చిప్పల బొగ్గులు పోసిన ఇత్తడి పెట్టెతో రుద్దితే సర్రుమని ఒక ఆవిరి లేచేది. కాలిన గంజి, తడి నూలు, బొగ్గు, మూడూ కలిసిన వాసన. ఎన్నికలొస్తే మా వీధంతా అదే వాసన.

ఎందుకంటే అప్పుడు నాయకుడంటే ఖద్దరే. మామూలు రోజుల్లో గళ్ల లుంగీతో తోటలో తిరిగే మనిషి కూడా ఓట్లడగడానికి వెళ్లాలంటే తెల్ల పంచె, తెల్ల లాల్చీ, భుజాన కండువా వేసుకోవాల్సిందే. వెనక వెళ్లేవాళ్లూ అంతే, ఉన్నంతలో తెల్లగా. మామూలుగా వారానికి రెండు జతలు పంపే ఇంటి నుంచి రోజుకి రెండు జతలు వచ్చేవి. పొద్దున ఒకటి, సాయంత్రం మీటింగుకి ఒకటి. ఖద్దరులోనూ తేడాలుండేవి. పొందూరు ఖద్దరు వస్తే నాన్న చేతులు తుడుచుకుని పట్టుకునేవాడు. అక్కడి వాళ్లు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో శుభ్రం చేసి వడుకుతారని ఆయనే చెప్పాడు నాకు. దాన్ని బండకేసి బాదేవాడు కాదు. నీళ్లలో జాడించి, రెండు చేతుల మధ్య నొక్కి పిండేవాడంతే.

మా ఊళ్లో సమితి ప్రెసిడెంటుగా చేసిన పెద్దాయన ఒకరు ఉండేవారు. పేరెందుకు, పెద్దాయనే అంటాను. వాళ్ల నాన్నగారు రాజమండ్రి దగ్గర సీతానగరం ఆశ్రమంలో రాట్నం తిప్పారని ఊళ్లో చెప్పుకునేవారు. పెద్దాయన ఖద్దరు తప్ప ఇంకోటి ఒంటి మీద వేసుకోగా నేను చూడలేదు. వాళ్లకి ఎదురుపార్టీ అయిన ఇంకో ఇంటి బట్టలూ మా ఇంటికే వచ్చేవి. పగలు మైకుల్లో ఒకరినొకరు తిట్టుకునేవాళ్ల పంచెలు రాత్రి మా బాన మీద ఒకదాని మీద ఒకటి పడుకునేవి. కలవకుండా గుర్తులు ఉండేవి. నల్లజీడి గింజని సూదితో పొడిచి, ఆ నల్లటి జీడితో మెడపట్టీ లోపలో పంచె మూలనో గుర్తు పెట్టి, పైన సున్నం అద్దేవాడు నాన్న. అది ఇక పోదు, బట్ట చిరిగినా పోదు. పెద్దాయన ఇంటికి రెండు చుక్కలు, కింద అడ్డగీత. ఎదురుపార్టీ ఇంటికి మూడు చుక్కలు. తమ్ముడికి అక్షరాల కంటే ముందు ఆ గుర్తులే వచ్చాయి.

* * *

మాసిన బట్ట అబద్ధం చెప్పదని నాన్న అనేవాడు. ఎన్నికలప్పుడు మా ఇంటికి వార్తలు మూటల్లోనే వచ్చేవి. పంచె అంచుకి మోకాలి దాకా ఒండ్రు పట్టిందంటే పడవ దిగి లంకలోకి వెళ్లారన్నమాట. లాల్చీ ముందు వైపు గోధుమరంగు మరకలుంటే అరటితోటల్లో నడిచారు. అరటి దూట మరక పట్టిందంటే ఇక ఏం చేసినా పోదు, నాన్న దాని మీద టైమ్ వేస్ట్ చేసేవాడు కాదు. భుజాల మీద పసుపచ్చగా ఉంటే బంతిపూల దండలు గట్టిగానే పడ్డాయని. ఛాతీ మీద కుంకుమ ఎక్కువుంటే హారతులు బాగా పట్టారని. పసుపు మరకకి సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. భయపడక్కర్లేదు, ఎండలో పడేస్తే అదే పోతుంది.

ఒకసారి పెద్దాయన లాల్చీ కుడి భుజం మీద నల్లగా కాటుక, కొబ్బరి నూనె కలిసి అంటుకుని వచ్చింది. "ఎవరో ముసలమ్మ ఈయన భుజం మీద తల పెట్టి ఏడిచినట్టుంది" అన్నాడు నాన్న. తర్వాత తెలిసింది, పక్క ఊళ్లో కొడుకు పోయిన ఒక ముసలావిడ ఇంటికి ఓటడగడానికి వెళ్లి, ఓటు సంగతి ఎత్తకుండా ఆవిడ దగ్గర గంటసేపు కూర్చుని వచ్చేశారట. ఆ మరక నాన్న చాలాసేపు చేత్తోనే రుద్ది తీశాడు, బండ మీద వెయ్యలేదు.

మరకల సంగతులు మా గుమ్మం దాటేవి కావు. ఎదురుపార్టీ ఇంటి వాళ్లు "ఏరా, నిన్న పెద్దాయన ఏ లంకకి వెళ్లాడు?" అని అడిగితే, "ఆయ్, నాకేం తెలుసండీ, ఉతికేసరికి అన్నీ తెల్లగానే ఉంటాయి" అనేవాడు. ఈ విషయంలో నాన్నంటే నాకు ఇప్పటికీ గర్వం.

పోలింగుకి 48 గంటల ముందు ప్రచారం ఆగిపోతుంది కదా. ఊళ్లో మైకులు ఆగిపోయిన ఆ సాయంత్రమే మా గుమ్మంలో మూటలు గుట్ట పడేవి. చివరి రోజు చెమటంతా ఆ మూటల్లో ఉండేది. చంకల్లో ఉప్పు తెల్లగా పొరలు కట్టి ఉండేది.

* * *

1982 చివర్లో ఈ తెలుపంతా ఒక్కసారి కదిలిపోయింది. మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టారు. ఆ చలికాలానికి ఆయన మా వైపు వస్తున్నారంటే ఊరు ఊరంతా రావులపాలెం సెంటరుకి బయల్దేరింది. నాన్న భుజాల మీద తమ్ముడు, పక్కన నేను. సాయంత్రం వస్తారన్నారు, రాత్రయింది, మంచు పడుతోంది, ఒక్కరూ కదల్లేదు. చివరికి ఆ పాత షెవర్లే వ్యాను వచ్చింది. నడిపేది ఆయన కొడుకు హరికృష్ణ అని ఎవరో చెప్పారు. పైన ఎన్టీఆర్. తెర మీద కిరీటంతో, పట్టుబట్టలతో చూసిన మనిషి. ఒంటి మీద ఖాకీ చొక్కా, ఖాకీ ప్యాంటు, దుమ్ము. జనం ఒక్క క్షణం ఏమీ అనలేదు. తర్వాత లేచిన ఆ కేక నా చెవుల్లో ఇంకా ఉంది.

తిరిగొస్తుంటే నాన్న అన్నాడు: "ఖాకీ మాసినా తెలీదురా. అందుకే పోలీసోళ్లకీ కండక్టర్లకీ ఇచ్చారు. ఈయన రోడ్డు మీదే స్నానం, రోడ్డు మీదే నిద్రంట. తెల్లబట్టలేసుకుంటే రోజుకి మూడు జతలు కావాలి. ఎవరు ఉతుకుతారు?" ముఖ్యమంత్రి అయ్యాక కొన్నాళ్లకి ఆయన కాషాయం కట్టారు గానీ, మా నాన్నకి నచ్చింది ఆ ఖాకీయే. పనిచేసేవాడి బట్ట అనేవాడు.

మర్నాటి నుంచి ఊళ్లో కుర్రాళ్లందరికీ పసుపు పిచ్చి పట్టింది. ఇప్పట్లా కండువాలు కట్టలు కట్టలుగా వచ్చేవి కావు అప్పుడు. పదిమంది కుర్రాళ్లు చందాలేసుకుని ముప్ఫై తెల్ల తువ్వాళ్లు, బజారులో దొరికే పసుపు రంగు పొడి తెచ్చి, "అన్నా, ముంచి ఇవ్వు" అన్నారు. అమ్మ డేగిశాలో నీళ్లు మరగబెట్టి రంగు కలిపింది. మా చేతులు మోచేతుల దాకా పసుపు. నెలగంట పెట్టిన రోజులు, పొద్దు తొందరగా వాలిపోతోంది. ఆ తువ్వాళ్లు పచ్చిగా ఉండగానే దండెం మీద వేసేసి పడుకున్నాం.

కింద దండెం మీద పెద్దాయన లాల్చీలు నాలుగు ఉన్నాయని ఎవరం చూసుకోలేదు.

ఆ రాత్రి మంచు బాగా కురిసింది. కోనసీమలో ధనుర్మాసం మంచంటే కొబ్బరాకుల నుంచి చుక్కలు చుక్కలుగా వాన పడ్డట్టే రాలుతుంది. పై తువ్వాళ్ల నుంచి ఆ చుక్కలు కింద ఖద్దరు మీద పడ్డాయి. తెల్లారి అమ్మ కేక విని లేచాను. మూడు లాల్చీలు తప్పించుకున్నాయి. పొందూరు లాల్చీ ఒక్కటి మాత్రం భుజాల నుంచి పొట్ట దాకా పసుపు చుక్కలు.

నాన్న ఏమీ అనలేదు. నిమ్మకాయ రుద్దాడు, సోడా పెట్టాడు, మళ్లీ ఉబ్బకు పెట్టాడు, రెండు రోజులు ఎండలో పడేశాడు. పెరట్లో పసుపైతే పోయేదే, ఇది బజారు రంగు. మూడోరోజు సాయంత్రం ఆ లాల్చీకి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి, నన్ను వెంట పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాడు. దాచిపెట్టి పోయిందని చెబుదామని అమ్మ అంది. నాన్న ఒప్పుకోలేదు.

అరుగు మీద చాలామంది కూర్చుని ఉన్నారు. "బాబుగారూ, తప్పైపోయిందండి" అని లాల్చీ విప్పి చూపించాడు. ఎవరో అన్నారు, "చూశారా, మీ చాకలే మీకు పసుపు పూశాడు" అని. అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి, పక్కన పెట్టుకుని, "సరే, వెళ్లు" అన్నారు. ఆ మాటలో కోపం కూడా లేదు. మర్నాడు పాలేరు వచ్చాడు. ఉతికినవీ ఉతకనివీ అన్నీ ఇచ్చెయ్యమన్నారని చెప్పి మూట కట్టుకుపోయాడు. ఆ ఎన్నికలయ్యేదాకా వాళ్ల బట్టలు పక్క ఊరికి వెళ్లాయి.

నాన్న అన్నం సరిగ్గా తినేవాడు కాదు. రేవులో ఎవరైనా పలకరిస్తే తలెత్తేవాడు కాదు. పనిలో తప్పు చేశానన్న బాధ ఆయనది, డబ్బు పోయిందని కాదు. నాకు అప్పుడు అంత అర్థం కాలేదు. కుర్రాళ్లు ఆ ముప్ఫై తువ్వాళ్లు తలకి చుట్టుకుని సైకిళ్ల మీద ఊరంతా తిరుగుతుంటే నేనూ వెనక పరిగెత్తాను. పెద్దయ్యాక ఆ పరుగు తల్చుకుంటే మనసు చివుక్కుమంటుంది.

1983 జనవరి 5న ఓట్లు. 9న ఎన్టీఆర్ ముఖ్యమంత్రి. పెద్దాయన పక్షం మా వైపు ఎక్కడా నిలబడలేదు. సంక్రాంతి వెళ్లిన నాలుగైదు రోజులకి, పొద్దువాలే వేళ, రేవు దగ్గరికి ఆయనే నడిచి వచ్చారు. పాలేరు లేడు, వెనక మనుషులు లేరు. ఒంటి మీద ఆ పసుపు చుక్కల లాల్చీ. చేతిలో చిన్న మూట.

"ఉతికి పెట్టరా" అన్నారు. "తొందరేం లేదు. ఇప్పుడు ఎక్కడికీ వెళ్లేది లేదు."

నాన్న మూట అందుకుని కళ్లకద్దుకున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆయన పొద్దున్నే పొలం గట్టు మీద తిరగడానికి ఆ లాల్చీయే వేసుకునేవారు.

* * *

ఎర్రజెండా వాళ్లది ఇంకో తీరు. మీటింగుకి వచ్చే ఆయన ఒకాయన మా రేవులోనే దిగి, తన చొక్కా తనే ఉతుక్కుని, ఆరేదాకా ఎర్ర తువ్వాలు కప్పుకుని గట్టు మీద కూర్చునేవాడు. "నా బట్టలు నువ్వెందుకు ఉతకాలన్నా" అనేవాడు నాన్నతో. నాన్నకి అది వింతగా ఉండేది. ఇస్త్రీ అయినా చేస్తానని బలవంతం చేసేవాడు. ఆయన టీ మాత్రం తాగేవాడు.

నినాదాలిచ్చే కూలీ ఒకతను ఒకసారి నామినేషన్ ముందు రాత్రి మా ఇంటికి వచ్చాడు. "అన్నా, ఊరేగింపులో ముందుండమన్నారు. నాకు తెల్లచొక్కా లేదు. ఎవరిదైనా ఒక్క పూటకి ఇవ్వవా?" అని నేల చూస్తూ అడిగాడు. పెళ్లిళ్లకి అలా అరువు బట్టలు ఇచ్చే అలవాటు మావాళ్లలో పూర్వం నుంచీ ఉంది. నాన్నకి అది ఇష్టం లేదు. లోపలికెళ్లి ట్రంకుపెట్టె తీసి తన పెళ్లి చొక్కా తెచ్చి, అప్పటికప్పుడు ఇస్త్రీ చేసి ఇచ్చాడు. మర్నాడు టపాకాయ నిప్పు పడి వీపు మీద రూపాయంత చిల్లుతో తిరిగొచ్చింది. అమ్మ దానికి మాసిక వేసింది. నాన్న చివరిదాకా దాన్ని దాచుకున్నాడు.

కాలం ఎప్పుడూ ఒకేలా ఉండదు. 1999లో ఎన్నికలు వానాకాలం చివర పడ్డాయి, బట్ట ఆరితే ఒట్టు. పొయ్యి పైన దండెం కట్టి ఆరబెట్టి, మిగతా తడి ఇస్త్రీ పెట్టెతోనే లాగేవాళ్లం. 2004లో ఏప్రిల్. కాలువలు కట్టేసే రోజులు కావడంతో రేవులో నీళ్లు లేక చెరువుకి మోసుకెళ్లాం. అప్పటికే ఇళ్లలో గంజి వార్చడం పోయింది. నాన్న సగ్గుబియ్యం ఉడకబెట్టి గంజి కాచేవాడు. మెరుపు వస్తుంది గానీ ఆ వాసన రాదు.

అంతకు ముందు ఏడాది ఎండల్లో రాజశేఖరరెడ్డి గారు చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు. మా గోదావరి దగ్గరికి వచ్చేసరికి వడదెబ్బ తగిలి రాజమండ్రిలో కొన్నాళ్లు ఆగిపోయారు. పేపర్లో ఆయన ఫొటో చూశాడు నాన్న. తలపాగా, తెల్ల పంచె. అప్పటికి నాన్నకి చూపు తగ్గింది. ఫొటో దగ్గరగా పెట్టుకుని, "అంత దూరం నడిచేవాడి పంచెకి గంజి పెట్టకూడదురా. అంచు తొడలకి ఒరుసుకుని పుళ్లు పడతాయి. మెత్తగా ఉతికి ఇవ్వాలి. ఎవరో తెలిసినవాడే ఉతుకుతున్నాడు" అన్నాడు. ఇన్నేళ్లలో ఒక నాయకుడి గురించి ఇంత శ్రద్ధగా ఎవరూ మాట్లాడగా నేను వినలేదు.

* * *

2024 మే 13 పోలింగుకి ఓటేయడానికి ఊరొచ్చాను. కూటమి కుర్రాళ్ల మెడలో పసుపు, ఎరుపు, కాషాయం మూడేసి కండువాలు. అవతలివాళ్లకి నీలం, తెలుపు, ఆకుపచ్చ. అన్నీ పాలిస్టరే. గంజి పట్టదు, చెమట పీల్చదు, ఉతకాల్సిన పనే లేదు. అభ్యర్థి ఖర్చులో కండువాకింతని లెక్క రాస్తారు కూడా. మెషిన్ మీద నేసిన పాలిస్టర్ గుడ్డతో జాతీయ జెండాయే కుట్టుకోవచ్చని 2021లో నిబంధన మార్చారు, కండువాని ఏం అంటాం. కానీ పోలింగ్ కేంద్రానికి వంద మీటర్ల దగ్గర పోలీసు తీసెయ్యమంటే, ఆ పిల్లలు మెడలోంచి లాగి కాలువలోకి విసిరేశారు. కాలువలు కట్టేసిన రోజులు, నీళ్లు లేవు. మా రేవు బండ చుట్టూ రంగురంగులుగా పడి ఉన్నాయి. నాకు చాలా కష్టమనిపించింది. చెప్పులు విప్పి దిగి కొన్ని ఏరి గట్టు మీద వేశాను.

రేవులో ఇప్పుడు ఎవరూ ఉతకడం లేదు. తమ్ముడు సెంటర్లో కరెంటు ఇస్త్రీ షాపు పెట్టుకున్నాడు. నాయకులు ఇప్పటికీ తెల్లబట్టలే వేస్తారు, వాళ్లింట్లో వాషింగ్ మెషిన్లు ఉతుకుతాయి. తమ్ముడి దగ్గరికి అవి మరకలు లేకుండా వస్తాయి. ఎవరు ఎక్కడ తిరిగి వచ్చారో వాడికేం తెలీదు.

పెద్దాయన పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు ఇల్లు అమ్మేస్తున్నారు. సామాన్లు తీస్తూ వాళ్ల కోడలుగారు పాతబట్టల మూట ఒకటి తమ్ముడి షాపుకి పంపారట, ఇస్త్రీ బల్ల మీద పరచడానికి పనికొస్తాయని. సంవత్సరీకం భోజనాలయ్యాక తమ్ముడు ఆ మూట తెచ్చి నా ముందు విప్పాడు. పంచెలు, పాత దుప్పట్లు, అడుగున ఒక లాల్చీ. పట్టుకుంటే చేతిలో పల్చగా, వెలుతురు కనబడేంత పల్చగా ఉంది. భుజాల మీద, పొట్ట మీద వెతికాను. పసుపు ఎక్కడా లేదు. ఎన్నో ఉతుక్కి పోయుంటుంది. మెడపట్టీ లోపలికి తిప్పాను. రెండు చుక్కలు, కింద అడ్డగీత. నిన్న పెట్టినంత నల్లగా ఉన్నాయి.

అమ్మ దాన్ని తీసుకుని ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. "మీ నాన్న చెయ్యే" అంది.

"ఏం చేద్దాం అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు.

పొద్దున పక్కన పెట్టించిన గంజి పెరట్లో అలాగే ఉంది, పైన మీగడ కట్టింది. మీగడ తీసి, పల్చటి గుడ్డలో వడగట్టి, లాల్చీ అందులో ముంచాను. నెమ్మదిగా పిండి దండెం మీద వేశాను. పై దండెం ఖాళీగా ఉందో లేదో చూసి మరీ వేశాను.